ఫ్రిజ్ పట్టుకుని చూసే మనిషి

మా ఇంట్లో చెప్పులు గడప దాటి లోపలికి రాకూడదు. ఈ నియమం మా మామది. పాస్టరుగారైనా సరే, కరెంటు బిల్లు ఇచ్చే మనిషైనా సరే, మెట్ల కిందే విడిచి రావాలి. అలాంటి ఇంట్లో ఒక్క జత రబ్బరు చెప్పులకు మాత్రం వంటగదిలో, అదీ ఫ్రిజ్‌కు ఎదురుగా, శాశ్వత నివాసం దొరికింది. నీలం రంగువి, మగవాళ్ల సైజువి. ఫ్రిజ్ తీయాలంటే ముందు వాటిలో కాళ్లు పెట్టాలి. తలుపు తీసి, కావలసింది తీసుకుని, తలుపు వేసి, చెప్పులు విడిచి, వెనకవాళ్లకు అందేలా తిప్పి పెట్టాలి. వాటిని మేము ఫ్రిజ్ చెప్పులు అనేవాళ్లం. ఎవరైనా పొరపాటున వాటితో పెరట్లోకి వెళ్తే మా మామ ఊరుకునేవాడు కాదు.

నేను అల్వాల్‌లో ఒక చిన్న బడిలో సైన్సు టీచరును. ఎనిమిదో తరగతి పిల్లలకు కరెంటు పాఠం చెప్తాను. మూడు పిన్నుల ప్లగ్గులో మూడో పిన్ను ఎందుకు లావుగా, పొడుగ్గా ఉంటుందో బోర్డు మీద బొమ్మ గీసి, ఎర్త్ వైరుకు ప్రత్యేకంగా ఆకుపచ్చ చాక్‌పీస్ వాడి మరీ చెప్తాను. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, నీలం చెప్పుల్లో కాళ్లు పెట్టి, పెరుగు గిన్నె తీసుకుంటాను. ఈ రెండు పనులూ చేస్తున్నది ఒకే మనిషి అని చాలా రోజుల వరకు నాకు తట్టలేదు. తట్టిన తర్వాత కూడా నేను చేసిందేమీ లేదు.

అల్వాల్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర కొత్త లేఅవుట్‌లో కట్టుకున్న ఇంటికి మారినప్పుడు మా పాత ఫ్రిజ్ ట్రాలీ ఆటోలోనే ప్రాణం విడిచింది. ఫ్రిజ్ లేకుండా మాకు ఒక్కరోజు గడవదు. పెరుగు కోసం కాదు, మా అత్తమ్మ కోసం. ఆమెకు షుగరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇన్సులిన్ వేసుకుంటుంది. ఆ సీసాలు చల్లగా ఉండాలి, అలాగని గడ్డకట్టకూడదు. కాబట్టి రోజుకు రెండుసార్లు, ఎవరు ముట్టుకున్నా ముట్టుకోకపోయినా, ఆ ఫ్రిజ్‌ను మా అత్తమ్మ ముట్టుకోక తప్పదు.

మేడ్చల్‌లో దుకాణం నుంచి కొత్త ఫ్రిజ్ వచ్చింది. తెచ్చినవాళ్లు మంచివాళ్లు, అడగకుండానే జాగ్రత్తలు చెప్పారు. "అన్నా, దీన్ని కొన్ని గంటలు గిట్లనే నిలవెట్టి ఉంచున్రి. తర్వాత స్విచ్ వెయ్యిన్రి. ఎనక జానెడు జాగ ఇడువున్రి, గాలి ఆడాలె."

మా మామ ఒక మోటారు వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. అప్పటినుంచి లోకంలోని యంత్రాలన్నీ ఆయనకు చుట్టాలే. కొన్ని గంటలు ఆగమంటే ఆయన నాలుగు రోజులు ఆగాడు, ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయాలి కదా అని. ఆ నాలుగు రోజులూ ఇన్సులిన్ పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో ఉంది. పాస్టరుగారు వచ్చి ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టి, ఈ వస్తువు ఈ ఇంటివారికి ఆశీర్వాదకరంగా ఉండాలని చాలాసేపు ప్రార్థించారు. అప్పటికింకా ప్లగ్గు పెట్టలేదు కాబట్టి ఆయనకేమీ కాలేదు.

ఇక జానెడు జాగా సంగతి. "జానెడు ఇడిస్తే బొద్దింకలకు ప్లాటు రాసిచ్చినట్టే" అని మామ ఫ్రిజ్‌ను గోడకు ఆనించి పెట్టించాడు. కంపెనీవాళ్లిచ్చిన పుస్తకాన్ని కవరు చింపకుండా ప్లాటు కాగితాలున్న బీరువాలో పెట్టి తాళం వేశాడు. "పోతే మళ్ల ఇయ్యరు" అన్నాడు. అందులో ఏముందో తెలుసుకోవాలని మాలో ఎవరికీ అనిపించలేదు. తలుపు మీది ప్లాస్టిక్ కాగితం మాత్రం పీకనివ్వలేదు. అది పసుపు రంగులోకి మారి, అంచులు లేచి, దుమ్ము పట్టి, ఫ్రిజ్‌కు ఏదో చర్మవ్యాధి వచ్చినట్టు ఉండేది.

అసలు తిరకాసు ఎక్కడ వచ్చిందంటే ఫ్రిజ్ పెట్టే మూల దగ్గర. మేము క్రైస్తవులం. మా మామ వాస్తు నమ్మడు. ఎవరైనా వాస్తు మాటెత్తితే బైబిలు వాక్యం తీసి గంటసేపు చెప్తాడు. కానీ "రేపు ఇల్లు అమ్మాల్సొస్తే కొనేటోడు అడుగుతడు" అని ఇల్లంతా వాస్తు ప్రకారమే కట్టించాడు. ఆ కొనేటోడెవరో మాకు తెలియదు. ఇల్లు అమ్మే ఆలోచన మాకు లేదు. అయినా మా ఇంట్లో ఆ కొనేటోడి మాటే చెల్లుతుంది. గేటు ఎటుండాలో, పొయ్యి ఎటుండాలో, మేము ఎటు తల పెట్టి పడుకోవాలో అన్నీ ఆయనే తేల్చాడు. ఫ్రిజ్ కోసమని వంటగది తలుపు పక్కన పెద్ద మూడు పిన్నుల సాకెట్టు పెట్టించుకున్నాం. తీరా ఫ్రిజ్ వచ్చాక మామ ఫోన్లో ఏదో వీడియో చూసి, అది వాయవ్యంలో ఉండాలని కనిపెట్టాడు. వాయవ్యం మూలలో సాకెట్టు లేదు. మేడ్చల్ రోడ్డు పక్కన ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనుక్కొచ్చాడు. నేల మీద వైరు కనపడితే బాగుండదని దాన్ని ఫ్రిజ్ కిందినుంచి లాగాడు.

మొదటివారంలోనే నా వేళ్లకు జుమ్మని తగిలింది.

"మామా, ఫ్రిజ్ కరెంటు కొడ్తాంది" అన్నాను.

"కొట్టుడు కాదు బిడ్డ అది. కొత్త మాల్ గద, లోపట గ్యాసు మస్తు జోర్ల ఉంటది. గా జోరే చేతికి తెలుస్తాంది" అన్నాడు. నేను నోరెళ్లబెట్టాను. ఆయన నా మొహం చూసి, నన్ను నమ్మించడానికి పెరటివైపు కేకేశాడు. "ఏమే, జర ఇటు రాయే. గీ ఫ్రిజ్ పట్టుకో."

మా అత్తమ్మ పెరట్లోంచి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుని, ఫ్రిజ్ పక్క రేకు మీద అరచెయ్యి మొత్తం ఆనించింది. కొంచెంసేపు అలాగే ఉంచింది.

"ఏం లేదు. సల్లగున్నది" అంది.

"సూసినవా?" అన్నాడు మామ నాతో.

అప్పటినుంచి అదొక పద్ధతైపోయింది. ఎవరికి జుమ్మన్నా అత్తమ్మను పిలవాలి, ఆమె పట్టుకోవాలి, ఏం లేదనాలి, ఫిర్యాదు కొట్టివేయబడాలి. ఆమె చేతులు అంత గట్టివి ఎందుకయ్యాయో కూడా మామ దగ్గర జవాబుంది. పెళ్లికి ముందునుంచి ఆమె షామీర్‌పేట ద్రాక్షతోటల్లో కూలికి వెళ్లింది. తీగలు కట్టి, కత్తిరించి, మందు కొట్టి కాయలు కాసిన చేతులవి. "మీ చేతులు చాక్‌పీసు చేతులు, బిడ్డ. దూది తాకినా జుమ్మంటయి" అనేవాడు. ఆయన మాత్రం ఫ్రిజ్‌ను ఎన్నడూ చేత్తో పట్టుకోడు. చొక్కా చెయ్యి వేళ్ల దాకా లాక్కుని, బట్ట మీదినుంచే తలుపు తీస్తాడు. అదేంటంటే అలవాటు అంటాడు.

మా ఆయన గుండ్లపోచంపల్లిలో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. అక్కడ నెత్తి మీద హెల్మెట్ లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వడు. పొద్దున్నే మనుషులందరినీ వరసగా నిలబెట్టి భద్రత గురించి ప్రతిజ్ఞ చేయిస్తాడు. ఇంటి ఫ్రిజ్ తనను కూడా ఒకసారి కొట్టాక ఆయనా ఒక పరిష్కారం ఆలోచించాడు. అదే ఆ నీలం చెప్పుల జత. తెచ్చి ఫ్రిజ్ ముందు పెట్టి, "ఇగ పరేషాన్ లేదు" అన్నాడు. నాకు కూడా బాగానే ఉందనిపించింది. సైన్సు ప్రకారం రబ్బరులోంచి కరెంటు పోదు కదా.

అత్తమ్మకు మాత్రం ఆ చెప్పులు పడలేదు. "వంటింట్ల చెప్పులేంది బిడ్డ, అన్నం వండుకునే జాగ" అంది. రెండుమూడుసార్లు మా పోరు పడలేక వేసుకుంది. ఒకసారి ఒక చెప్పు ఫ్రిజ్ దగ్గరే ఉండిపోతే రెండోదాంతోనే పొయ్యి దాకా నడిచి వెళ్లింది. మేమందరం పడీపడీ నవ్వాం. ఆమె కూడా నవ్వింది. "నాకు కొడ్తలేదు గద, నాకెందుకు?" అని ఆ తర్వాత వేసుకోవడం మానేసింది. ఆ మాటా నిజమే కదా అని మేమూ వదిలేశాం.

నిజానికి కొత్త ఇంటికి వచ్చాక ఆమెకు చేయడానికి పెద్దగా పనేమీ లేదు. అల్వాల్‌లో ఉన్నప్పుడు కూరగాయలు ఆమే తెచ్చేది, వంట ఆమే చేసేది, సందులో ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద దిక్కు. ఇక్కడ సందులో మావి నాలుగిళ్లు, మిగిలినవన్నీ హద్దురాళ్లు. కూరగాయలు మా ఆయన బండి మీద తెస్తాడు. వంట నేను తీసుకున్నాను. పెద్దావిడకు విశ్రాంతి ఇచ్చిన మంచి కోడలినని నా గురించి ప్రార్థన కూడికలో నలుగురూ చెప్పుకునేవారు. నాకు ఆ పొగడ్త బాగుండేది కూడా.

కూడిక అంటే గుర్తొచ్చింది. ఒకసారి మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. ఎండాకాలం. వచ్చిన ఆడవాళ్లు చల్లటి నీళ్లడిగారు. చెప్పుల జత ఒక్కటే కాబట్టి వంటగదిలో వరస కట్టాల్సి వచ్చింది. ఒకావిడ వేసుకుని, సీసా తీసుకుని, విడిచి, తర్వాతి ఆవిడకు అప్పగించడం. పాపం ఎవరూ ఎందుకని అడగలేదు. "మా ఇంట్ల గూడ గింతే అక్కా, మేమైతే కింద రబ్బరు పట్టా ఏసినం" అంది ఒకావిడ. ఇంకొకావిడ ఇంట్లో ఫ్రిజ్ పిడికి గుడ్డ చుట్టారట. నాకు ధైర్యం వచ్చింది. ఇంతమంది ఇళ్లలో ఉన్నదాన్ని లోపం అని ఎలా అంటాం?

ఆ తర్వాత పరీక్షలొచ్చాయి. ఎర్తింగ్ అంటే ఏమిటి అని నేనే ప్రశ్న ఇచ్చాను. ఒక అమ్మాయి గుండ్రటి అక్షరాలతో, తప్పు లేకుండా ఇలా రాసింది: చెప్పులు వేసుకుని ఫ్రిజ్‌ను ముట్టుకొనుటను ఎర్తింగ్ అందురు. ఎర్ర పెన్నుతో కొట్టేసి సున్నా వేశాను. పక్కన 'పాఠం సరిగా చదువు' అని కూడా రాశాను. ఆ కట్ట బ్యాగులో పెట్టుకుని ఇంటికి వెళ్లి ఏం చేశానో మీకు చెప్పనవసరం లేదు.

వానాకాలం మొదలయ్యాక జుమ్మనడం కాస్తా గట్టిపడింది. గోడలు చెమ్మగిల్లాయి. చెప్పులున్నా అప్పుడప్పుడు మోచేతిదాకా లాగేది. మా మామ "గీ వానలకు కరెంటే మంచిగొస్తలేదు" అన్నాడు. నేను మూడుసార్లు గొణిగాను, మూడుసార్లూ అత్తమ్మ వచ్చి పట్టుకుని ఏం లేదంది.

ఒక శనివారం పొద్దున, బడికి సెలవు. నేను నేల తుడిచి, కాళ్లు తడిగా ఉండగానే, ఒక చేతిలో గాజు గ్లాసుతో రెండో చెయ్యి ఫ్రిజ్ తలుపు మీద వేశాను. తర్వాత ఏమైందో సరిగ్గా చెప్పలేను. భుజం దాకా ఎవరో పట్టి గుంజినట్టయింది. వెనక్కి పడి పొయ్యి గట్టుకు కొట్టుకున్నాను. గ్లాసు నేల మీద పగిలింది. చచ్చిపోతాననుకున్నాను, నిజంగానే.

మామ పరుగెత్తుకొచ్చాడు. గాజు ముక్కల్ని చూశాడు, నన్ను చూశాడు, నా కాళ్లు చూశాడు.

"చెప్పులేసుకోలేదా?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే పెరటివైపు తిరిగి, "ఏమే, జర రాయే" అని కేకేశాడు. అత్తమ్మ అప్పటికే తలుపు దగ్గరికి వచ్చేసింది. గబగబా లోపలికి వచ్చి, ఫ్రిజ్ మీదికి చెయ్యి చాచింది. నేను లేచి అడ్డం నిలబడ్డాను.

"వద్దత్తమ్మా. ముట్టుకోవద్దు."

"ఎందుకు బిడ్డ, నేను సూస్త గద" అంది. ఆమె మొహం చిన్నబోయింది. చేతిలోంచి పని లాగేసుకున్నట్టు నిలబడిపోయింది. అది నేను చూశాను, కానీ ఆగే ఓపిక నాకు లేదు. మెయిన్ ఆపేసి, ఇన్సులిన్ సీసాలు పక్కింట్లో ఇచ్చొచ్చి, ముక్కలు ఊడ్చి, షామీర్‌పేట నుంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. మామ వరండాలో కుర్చీ వేసుకుని అలిగాడు. వర్క్‌షాపు మనిషి ఉండగా బయటి మనిషిని పిలవడమేంటని.

వచ్చినాయనకు యాభై దాటి ఉంటాయి. తక్కువ మాట్లాడే మనిషి. ముందు నీలం చెప్పుల్ని చూసి, వాటిని కాలితో పక్కకు నెట్టాడు. మెయిన్ వేయించి, రేకుకు టెస్టర్ ఆనించాడు. అందులో దీపం నిండుగా వెలిగింది. మళ్లీ మెయిన్ ఆపేసి ఫ్రిజ్‌ను ముందుకు లాగాడు. వైరు ఫ్రిజ్ ఇనుప కాలి కింద పడి నలిగి ఉంది. పైతొడుగు చిట్లి లోపలి రాగి ఆ కాలికి తాకుతోంది. తర్వాత ఎక్స్‌టెన్షన్ బాక్సు విప్పి నా ముందు పెట్టాడు.

"సూడమ్మా. పైన కన్నాలు మూడు. లోపట వైర్లు రెండే. గీ మూడోది ఉత్తగనే షోకు. బాడీకి వచ్చిన కరెంటు భూమిలకు పోయే తొవ్వ లేదు. ఇగ ఎవరు పట్టుకుంటే వాళ్లల్ల నుంచి పోతది."

నేను తల ఊపాను. ఆకుపచ్చ చాక్‌పీస్‌తో నేను గీసే బొమ్మ అదే.

ఫ్రిజ్ మళ్లీ వంటగది తలుపు పక్కకు, అసలు సాకెట్టు దగ్గరికి వచ్చింది. ఆయన ఆ సాకెట్టులో ఎర్త్ వైరు ఉందా లేదా చూశాడు. మా కొనేటోడు దయతలచి దాన్ని మాత్రం వదిలేశాడు, ఉంది. గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య జానెడు ఎడం పెట్టాడు. మెయిన్ బోర్డులో, ఎక్కడన్నా కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చొకటి బిగించాడు. "నెలకోపారి గీ బటన్ నొక్కి సూడున్రి, పడుతుందా లేదా" అన్నాడు. అన్నీ అయ్యాక కరెంటు వేసి టెస్టర్ పెట్టాడు. దీపం వెలగలేదు.

"అయిపోయింది" అన్నాడు. "ఇంకో వారం ఆగితే పట్టుకున్నోళ్లను ఇడువకపోతుండె. ఇన్నొద్దులు ఎవ్వరికి కొట్టలేదా?"

మామ అప్పటికి వరండాలోంచి లోపలికొచ్చాడు. ఆయన దగ్గర ఒకే ఒక్క సాక్ష్యం మిగిలింది. "మా ఇంటిదానికి ఒక్కనాడు కొట్టలే" అన్నాడు. తర్వాత, ఆ టెస్టర్ మీద తనకు నమ్మకం లేనట్టు, మళ్లీ పెరటివైపు కేకేశాడు. "ఏమే, రాయే. ఇప్పుడు పట్టుకో, సూద్దాం."

అత్తమ్మ వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, చకచకా, కొంచెం నవ్వుమొహంతో వచ్చింది. అరచెయ్యి రేకు మీద పెట్టి, "ఏం లేదు" అంది.

ఎలక్ట్రీషియన్ ఆమె చేతివైపు చూడటం లేదు. నేల చూస్తున్నాడు. పెరటి తలుపు నుంచి ఫ్రిజ్ దాకా తెల్లటి టైల్స్ మీద, అడుగు విడిచి అడుగు, ఎర్రటి మరక.

"పెద్దమ్మా, కాలు" అన్నాడు.

ఆమె కిందికి చూసుకుంది. మడమలో వేలిగోరంత గాజు ముక్క దిగి ఉంది. నేను ఊడ్చానని అనుకున్న ముక్క అది. పొద్దుటినుంచి ఆమె దానిమీదే తిరుగుతోంది.

"నీకు షుగరున్నదా?" అని అడిగాడాయన. ఆమె తలూపింది. "మా అమ్మకు గూడ గిట్లనే ఉండె. ముందుగాల కాళ్లు, తర్వాత చేతులు తెల్వకుండ అయితయి. దవాఖానల సూపెట్టున్రి" అని మాకు చెప్పి, తన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

ఇన్ని నెలలూ మేము చేసిందేమిటంటే, చేతులకు స్పర్శ తెలియని మనిషిని పిలిచి, ఇంట్లో కరెంటుందో లేదో ఆమెతో చూపించుకున్నాం. ఆమెకు తెలియకపోవడాన్ని ఫ్రిజ్ మంచితనం కింద రాసుకున్నాం. ఆ ఇంట్లో సైన్సు చదువుకున్నది నేను ఒక్కదాన్నే. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

మామ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. కాలు ముక్కాలిపీట మీద పెట్టించి, గాజు ముక్క తీసి, తన తువ్వాలుతో మడమ కట్టాడు. ఆమె చిన్నగానైనా అబ్బా అనలేదు. ఆయన నేలమీద కూలబడి చాలాసేపు ఆ కాలివేళ్లనే చూశాడు.

"కండ్లు మూసుకో" అన్నాడు.

"ఎందుకు?"

"మూసుకోయే."

ఆమె మూసుకుంది.

"వేలు పట్టుకున్న. తెలుస్తాందా?"

"ఆఁ. తెలుస్తాంది."

"ఏ వేలు?"

ఆమె కొంచెం ఆలోచించింది. "సిటికెన వేలు" అంది.

మామ చేతులు రెండూ ఆయన మోకాళ్ల మీదే ఉన్నాయి. ఆమె కళ్లు తెరిచి, ఆయన చేతులు ఎక్కడున్నాయో చూసింది. తర్వాత నావైపు చూసింది. తప్పు చేసి దొరికినట్టు కొంగు సర్దుకుంది.

"తెలుస్తలేదంటే ఇగ నన్ను దేనికీ పిలువరు గద, బిడ్డ" అంది.